పన్ను నిలబెట్టే చదువు

*పుచ్చిన పన్నును పీకెయ్యడానికి పది నిమిషాలు చాలు. అదే పన్నును నోట్లోనే నిలబెట్టడం నేర్వాలంటే ఐదేళ్ల బీడీఎస్ మీద మరో మూడేళ్లు చదవాలి. వెంట్రుకంత సన్నటి దారుల్లో, కళ్లకు కనిపించని చోట వేళ్లతో వెతికే ఎండోడాంటిక్స్ పీజీల చదువు, శ్రమ, భవిష్యత్తు మీద ఈ వారం ముఖచిత్ర కథనం.*

‘‘పీకెయ్యి బిడ్డా... నాతోని గాదు. మూడు రాత్రులాయె కన్ను మూయక.’’

కుర్చీలో వాలిన ఆమెకు నలభై ఏళ్లుంటాయి. కుడి చెంపకు అరచెయ్యి ఆనించుకుని కళ్లు గట్టిగా మూసుకుంది. నోట్లోంచి లవంగం వాసన. ఊళ్లో ఎవరో చెబితే దవడ కింద పెట్టుకుంది. మెడికల్ షాపులో ఇచ్చిన మాత్రలన్నీ మింగింది. చివరికి తెల్లవారుజామున బస్సెక్కి నగరంలోని డెంటల్ కాలేజీ ఆసుపత్రికి వచ్చి, చీటీ రాయించుకుని, వరుసలో కూర్చుంది.

‘‘ఏ పన్నమ్మా? వేలు పెట్టి చూపించు’’ అడిగింది రెండో ఏడాది పీజీ చదువుతున్న అమ్మాయి.

ఆమె దవడంతా చూపించింది. నొప్పి అంతటా ఉంది మరి. పీజీ అమ్మాయి చల్లబరిచిన దూదిని ఒక్కో పన్నుకూ తాకించుకుంటూ వెళ్లింది. కింది దవడలో మొదటి పెద్ద పన్ను దగ్గర ఆమె ఉలిక్కిపడింది. దూది తీసేసినా జివ్వుమనడం ఆగలేదు. అర నిమిషం, నిమిషం... పీజీ గడియారం చూస్తూనే ఉంది. అంతసేపు నిలిచిందంటే లోపలి నరం ఇక కోలుకోదని అర్థం. ఎక్స్‌రే తీసింది. తెరమీద పన్ను తెల్లగా, దాన్ని తొలుచుకుంటూ దిగిన పుచ్చు నల్లగా కనిపించాయి. వేళ్లు మాత్రం గట్టిగానే ఉన్నాయి.

‘‘పీకితే నొప్పి ఇయ్యాళే పోతదమ్మా. కానీ ఆ జాగల మళ్ల పన్ను రాదు. దీన్ని ఉంచొచ్చు. ఇంకో రెండుసార్లు రావాలె.’’

‘‘మళ్ల రావాలెనా? కూలి పోతది బిడ్డా.’’

‘‘నొప్పి ఇయ్యాళే తీసి పంపుత. మిగతాది నీకు వీలైన దినం పెట్టుకుందాం.’’

మొదటి ఇంజెక్షన్‌కు పెదవి మొద్దుబారింది. పన్ను మొద్దుబారలేదు. మంటెక్కిన నరం మత్తుమందుకు ఒక పట్టాన లొంగదు. రెండో ఇంజెక్షన్ పన్ను పక్కనే చిగురు సందులో ఇచ్చింది. రబ్బరు షీటు కప్పి, డ్రిల్‌తో పన్ను నడినెత్తిన చిన్న కిటికీ తెరిచింది. గంటన్నర తర్వాత ఆమె లేచి కూర్చుని చెంప తడుముకుంది. ‘‘గుంజుతలేదు’’ అంది నమ్మలేనట్టు. కళ్లలో నీళ్లు తిరిగాయి. పీజీ అమ్మాయి గ్లవ్స్ తీసి మెడ వెనక నొక్కుకుంటూ, కేస్ షీటు మీద మేడమ్ సంతకం కోసం వెళ్లింది.

కూలి పని చేసుకునే తల్లి నోట్లో ఒక పన్ను మిగిలింది. దాని వెనకున్న మూడేళ్ల చదువు గురించి మనకు తెలిసింది తక్కువ.

ఇంటింటా ఉన్న మాట

పళ్లూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అంటుంది సామెత. ఊడగొట్టుకోవడానికి రాయి చాలు గానీ, నిలబెట్టుకోవడానికి చదువు కావాలి. ఆ చదువు పేరే ఎండోడాంటిక్స్. గ్రీకులో ‘ఎండో’ అంటే లోపల, ‘ఓడాంట్’ అంటే పన్ను. పన్ను లోపలి మెత్తటి కణజాలానికీ, వేరు చుట్టూ ఉన్న ఎముకకూ వచ్చే జబ్బుల వైద్యమిది. మన దేశంలో ఇది విడి కోర్సు కాదు. పుచ్చును తొలిచి నింపే కన్జర్వేటివ్ డెంటిస్ట్రీతో కలిపి ఒకే ఎండీఎస్‌గా నేర్పుతారు. విద్యార్థులు ముద్దుగా ‘కాన్స్-ఎండో’ అంటారు.

ఇరవై ముప్ఫయ్యేళ్ల కిందట పుచ్చుపన్ను అంటే పీకించుకోవడమే. పై పన్ను పీకిస్తే చూపు పోతుందన్న భయంతో కొందరు అదీ చేయించుకోక, ఏళ్ల తరబడి ఒకవైపే నమిలేవారు. ఇవాళ రూట్ కెనాల్ అన్న మాట వినని ఇల్లు లేదు. ‘నరం తీసి క్యాపు వేశారు’ అని పెళ్లి భోజనాల దగ్గర కూడా చెప్పుకుంటున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక ప్రకారం శాశ్వత దంతాల్లో పుచ్చు ఉన్నవారు ప్రపంచంలో సుమారు 200 కోట్ల మంది. ఇంతమందిని బాధపెట్టే జబ్బు కాబట్టే, దాన్ని బాగుచేసే చెయ్యి ఎలా తయారవుతోందో తెలుసుకోవడం మన అవసరం.

ఒక్క సీటు కోసం

నీట్-ఎండీఎస్ ఫలితాలు వచ్చే రోజుల్లో ప్రతి ఏటా బీడీఎస్ పిల్లలున్న ఇళ్లలో ఒకటే చర్చ. ‘పీజీ చేయాలా, క్లినిక్ పెట్టాలా, అమెరికా వెళ్లాలా?’ నాలుగేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్ అయ్యాక ఈ పరీక్ష రాయాలి. 2017 ప్రవేశాల నుంచి దాదాపు దేశమంతటికీ ఇదే వాకిలి. మూడు గంటల్లో 240 ప్రశ్నలు, 960 మార్కులు. తప్పు రాస్తే మార్కు పోతుంది.

ఎండీఎస్‌లో మొత్తం తొమ్మిది శాఖలున్నాయి. దవడ శస్త్రచికిత్స, పళ్ల వరస సరిచేసే ఆర్థోడాంటిక్స్, ఎండోడాంటిక్స్... మంచి ర్యాంకు వచ్చినవారి చూపు ముందుగా పడేది వీటి మీదే. తెలుగు నేలమీద హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి పక్కనున్న ప్రభుత్వ డెంటల్ కాలేజీ పాతది. ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడ, కడపల్లో ప్రభుత్వ కాలేజీలున్నాయి. ప్రైవేటు కాలేజీలు రెండు రాష్ట్రాల్లోనూ విస్తరించాయి. ప్రభుత్వ సీటు దొరికితే ఊపిరి పీల్చుకోవచ్చు. ప్రైవేటులో, అదీ మేనేజ్‌మెంట్ కోటాలో అయితే ఏటా లక్షల్లో ఫీజు కట్టాలి. అందుకే ఒకపక్క ఎండో సీటు కోసం రెండో ఏడు, మూడో ఏడు కోచింగ్ తీసుకునేవారున్నారు. మరోపక్క వేరే శాఖల్లో సీట్లు మిగిలిపోయి, కటాఫ్ తగ్గించాల్సి వచ్చిన సంవత్సరాలూ ఉన్నాయి.

ఈ వ్యవస్థ ఇప్పుడు మారుతోంది. 1948 నాటి డెంటిస్టుల చట్టం స్థానంలో పార్లమెంటు 2023లో నేషనల్ డెంటల్ కమిషన్ చట్టం తెచ్చింది. బీడీఎస్ చివర అందరికీ ఒకే ఎగ్జిట్ పరీక్ష, లైసెన్సుకూ పీజీ ప్రవేశానికీ అదే ఆధారం అన్నది ఆ చట్టంలోని పెద్ద మార్పు.

రోగి లేని పళ్లు

సీటు వచ్చింది కదాని పీజీ మర్నాడే రోగి నోట్లో చెయ్యి పెట్టడు. మొదటి నెలలు ప్రీ-క్లినికల్‌కే పోతాయి. మైనపు దిమ్మను చాకుతో చెక్కి పన్ను ఆకారం తేవాలి. ప్రతి గుబ్బ, ప్రతి గాడి అసలు పన్నులో ఉన్నట్టే రావాలి. తర్వాత పీకేసిన అసలు పళ్ల మీద సాధన. ఆ పళ్ల కోసం పీజీలు ఓరల్ సర్జరీ విభాగం చుట్టూ, తెలిసిన క్లినిక్‌ల చుట్టూ సీసాలు పట్టుకుని తిరుగుతారు. వేరు విరగని దవడ పన్ను దొరికితే పండగే. వాటిని శుద్ధి చేసి, ప్లాస్టర్ దిమ్మల్లో బిగించి, డ్రిల్ పట్టుకోవడం దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెడతారు.

ఈ దశలో చేసే ఒక అభ్యాసం చూడముచ్చటగా ఉంటుంది. పన్నును ఆమ్లంలో నానబెట్టి గట్టిదనం తీసేస్తారు. ఆల్కహాల్‌లో ఉంచి నీటిని లాగేస్తారు. చివరికి మిథైల్ సాలిసిలేట్‌లో వేస్తారు. మన ఇళ్లలో నడుముకు రాసుకునే నొప్పుల మందుల వాసన దానిదే. ముందుగా లోపలికి ఇంకు ఎక్కించి ఉంటే, గాజులా మారిన పన్నులో దారులన్నీ నల్లటి గీతల్లా బయటపడతాయి. అప్పటిదాకా పుస్తకంలో వేరుకో గొట్టంలా కనిపించిన బొమ్మ అబద్ధమని తెలిసొస్తుంది. దారులు చీలతాయి, కలుస్తాయి, చివర్లో వంకర తిరుగుతాయి, పక్కకు సన్నటి పాయలు తీస్తాయి. నది సముద్రంలో కలిసేచోట పాయలైనట్టే. ఏ రెండు పళ్లూ ఒకలా ఉండవన్న వినయం ఆ రోజు అబ్బుతుంది.

┃ బాక్స్: పన్ను లోపల ఏముంది? ┃

• పైనున్న ఎనామిల్ మన శరీరంలోకెల్లా గట్టి పదార్థం. దాని కింద డెంటిన్. నడుమ పల్ప్. మనం ‘నరం’ అనేది దీన్నే. నిజానికి అందులో నరాలతోపాటు రక్తనాళాలూ ఉంటాయి.

• చెయ్యి వాస్తే చర్మం సాగుతుంది. పల్ప్ చుట్టూ గట్టి గోడలే కాబట్టి వాపుకు చోటుండదు. ఒత్తిడి పెరుగుతుంది. పంటిపోటు అంత భరించరానిది కావడానికి ఇదో కారణం.

• కింది దవడ మొదటి పెద్ద పన్నుకు సాధారణంగా రెండు వేళ్లు, మూడు లేదా నాలుగు దారులు. పై దవడ పన్నుకు మూడు వేళ్లు. వాటిలో ముందువైపు వేరులో దాక్కునే రెండో దారిని పీజీలు ‘ఎంబీ-2’ అంటారు. అది దొరకక వదిలేస్తే చికిత్స విఫలం కావచ్చు.

కంటికి కనపడనిది వేలికి తెలియాలి

రూట్ కెనాల్ అంటే నాలుగు మాటల్లో చెప్పొచ్చు. తెరవడం, కొలవడం, కడగడం, మూయడం. ఈ నాలుగూ నేర్వడానికే మూడేళ్లు.

తెరవడం అంటే పన్ను నెత్తిన సరైన చోట కిటికీ తీయడం. నిమిషానికి మూడు లక్షల చుట్లకు పైగా తిరిగే డ్రిల్ అది. మిల్లీమీటరు పక్కకు పోతే గోడకు కన్నం పడుతుంది. పైగా దవడ వెనకున్న పన్ను నేరుగా కనపడదు. అద్దంలో చూస్తూ చెయ్యాలి. అద్దంలో ముందుది వెనక్కి, వెనకది ముందుకు కనిపిస్తుంది. చెయ్యి ఆ తిరకాసుకు అలవాటు పడేదాకా చెమటలు పడతాయి.

కొలవడానికి వాడే ఫైలు సూదికన్నా సన్నం. పది నంబరు ఫైలు మొన 0.10 మిల్లీమీటర్లు. దాదాపు తల వెంట్రుకంత. దాన్ని చూపుడువేలు, బొటనవేలి మధ్య పట్టుకుని అటూ ఇటూ నెమ్మదిగా తిప్పుతూ లోపలికి దించుతారు. ఎక్కడ ఇరుకో, ఎక్కడ వంపో, ఎక్కడ సున్నం కట్టి దారి మూసుకుపోయిందో వేలికొనకే తెలియాలి. వేరు చివరి రంధ్రం దాటితే ఎముకలోకి గుచ్చుకుంటుంది. ముందే ఆగితే మురికి మిగిలిపోతుంది. ఎక్స్‌రేలో కనిపించే వేరు చివరకు అర నుంచి ఒక మిల్లీమీటరు ఇవతల ఆగడమే గురి. విద్యుత్ నిరోధాన్ని బట్టి వేరు చివరను చెప్పే ఎపెక్స్ లొకేటర్ ‘బీప్’ మంటుంది. అయినా యంత్రం చెప్పినదానికీ, ఎక్స్‌రే చూపినదానికీ, వేలు గ్రహించినదానికీ పొంతన కుదిరాకే పీజీ ముందడుగు వెయ్యాలి.

కడగడానికి ప్రధానంగా వాడేది సోడియం హైపోక్లోరైట్. బట్టల తెలుపుకు వాడే బ్లీచు జాతిదే. చచ్చిన కణజాలాన్ని కరిగిస్తుంది, క్రిములను చంపుతుంది. అదే మందు ఒత్తిడికి వేరు దాటి బయటికి పోతే నిమిషాల్లో ముఖం వాస్తుంది. అందుకే సిరంజి ఎంత లోతుకు దించాలి, ఎంత నిదానంగా నొక్కాలి అన్నదే ఒక పాఠం. నోరంతటినీ వేరుచేసి ఆ ఒక్క పన్నునే పైకి చూపించే రబ్బరు షీటు రక్షణ కోసమే. ఉమ్మి లోపలికి పోదు, మందు గొంతులోకి జారదు, ఫైలు చెయ్యి జారినా రోగి మింగడు.

మూయడానికి వాడేది గట్టా పెర్చా. మలయా ప్రాంతంలో పెరిగే చెట్టు పాల నుంచి వచ్చే పదార్థం. పందొమ్మిదో శతాబ్దంలో సముద్రం అడుగున వేసిన టెలిగ్రాఫ్ తీగలకు నీరు తగలకుండా చుట్టింది కూడా దీన్నే. నీటిని ఆపే ఆ గుణమే పన్ను లోపలా పనికొచ్చింది.

ఏ పీజీనైనా మీకు మరచిపోలేని రోజేదని అడగండి. చాలామంది ఫైలు విరిగిన రోజు గురించే చెబుతారు. వాళ్లు ‘విరిగింది’ అనరు, ‘సెపరేట్ అయింది’ అంటారు. వంపులో చిక్కుకున్న చిన్న మొన ఎక్స్‌రేలో తెల్లటి గీతలా నిలుస్తుంది. గుండె జారిపోతుంది. మంచి గురువు ఆ క్షణంలో రెండు విషయాలు నేర్పుతారు. ఒకటి, మైక్రోస్కోప్ కింద దాన్ని తీయడం ఎలా, తీయలేనప్పుడు పక్కనుంచి దాటడం ఎలా. రెండోది అంతకన్నా ముఖ్యం. రోగికి దాచకుండా చెప్పడం. ‘‘అమ్మా, లోపల చిన్న ముక్క ఉండిపోయింది. మేం చూసుకుంటాం, మీరు మళ్లీ రావాలి’’ అన్న మాట నోరు తెరిచి చెప్పగలిగిన రోజే పీజీ డాక్టరవుతాడు.

గడియారం స్ప్రింగు నుంచి మైక్రోస్కోప్ దాకా

ఈ విద్య ఇక్కడిదాకా రావడం వెనక ఎంతోమంది పట్టుదల ఉంది. 1838లో అమెరికాలో ఎడ్వర్డ్ మేనార్డ్ గడియారం స్ప్రింగును అరగదీసి తొలి రూట్ కెనాల్ పనిముట్టు చేసుకున్నాడు. 1899లో న్యూ ఆర్లీన్స్‌కు చెందిన ఎడ్మండ్ కెల్స్ రూట్ కెనాల్ పొడవు చూడటానికి ఎక్స్‌రే వాడాడు. కిరణాల ప్రమాదం అప్పటికింకా సరిగా తెలియదు. ఏళ్లపాటు తన చేతినే అడ్డుపెట్టి పనిచేసిన ఆయన క్యాన్సర్‌తో ఒక్కో వేలూ, చివరికి చెయ్యీ పోగొట్టుకున్నాడు. ఇవాళ పీజీ ఎక్స్‌రే తీసేముందు సీసపు కవచం తొడగడం వెనక అలాంటి బలిదానాలున్నాయి.

ఈ శాఖ దాదాపు అంతరించిపోయే ప్రమాదమూ వచ్చింది. 1910లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో బ్రిటిష్ వైద్యుడు విలియం హంటర్ ఒక ప్రసంగం చేశాడు. నోటిలోని క్రిమిదోషమే ఒంట్లో ఎన్నో జబ్బులకు మూలమన్నాడు. ఆ మాట పట్టుకుని కీళ్ల నొప్పికీ, నీరసానికీ కూడా పళ్లు పీకడం మొదలైంది. దశాబ్దాలపాటు పాశ్చాత్య దేశాల్లో లెక్కలేనన్ని పళ్లు అనవసరంగా ఊడిపోయాయి. ఆ గాలికి ఎదురు నిలిచిన కొద్దిమంది దంతవైద్యులు 1943లో షికాగోలో అమెరికన్ ఎండోడాంటిస్టుల సంఘం పెట్టుకున్నారు. ఫిలడెల్ఫియాకు చెందిన లూయీ గ్రాస్‌మన్ 1940లో రాసిన పాఠ్యపుస్తకం ఈ విద్యకు పునాది వేసింది. దాని భారతీయ కూర్పును తెలుగు పీజీలు ఇప్పటికీ చదువుతున్నారు.

అసలు దోషి ఎవరో 1965లో తేలింది. కకేహాషి, స్టాన్లీ, ఫిట్జెరాల్డ్ అనే ముగ్గురు పరిశోధకులు ఎలుకల పళ్లకు రంధ్రం చేసి పల్ప్‌ను బయటపెట్టారు. మామూలు ఎలుకల్లో పల్ప్ కుళ్లిపోయింది. క్రిములే లేని వాతావరణంలో పెంచిన ఎలుకల్లో దానంతటదే మానింది. అంటే క్రిములను తరిమితే పన్ను బతుకుతుంది. వేరును శుభ్రం చేసి మూస్తే చాలు, పీకనక్కర్లేదు. రూట్ కెనాల్ చికిత్సంతా ఆ నమ్మకం మీదే నిలబడి ఉంది.

┃ బాక్స్: మైలురాళ్లు ┃

• 1864: న్యూయార్క్ దంతవైద్యుడు శాన్‌ఫర్డ్ బార్నమ్ పన్ను చుట్టూ రబ్బరు షీటు కట్టే పద్ధతి తెచ్చాడు. నూటయాభై ఏళ్లు దాటినా దానికి సాటి లేదు.

• 1920: డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ కలకత్తాలో దేశంలోనే తొలి డెంటల్ కాలేజీ స్థాపించాడు.

• 1963: అమెరికన్ డెంటల్ అసోసియేషన్ ఎండోడాంటిక్స్‌ను ప్రత్యేక శాఖగా గుర్తించింది.

• 1988: హర్మీత్ వాలియా, బ్రాంట్లీ, గర్‌స్టీన్‌లు నికెల్-టైటానియం తీగతో ఫైలు చేసి చూపారు. ఉక్కు ఫైలు వంగని మలుపుల్లో ఇది వంగింది. మెషీన్ ఫైళ్లకు దారి తీసింది.

• 1990లు: లోమా లిండా విశ్వవిద్యాలయంలో మహమూద్ తొరాబినెజాద్ బృందం ఎంటీఏ అనే పదార్థం తెచ్చింది. ఇల్లు కట్టే పోర్ట్‌లాండ్ సిమెంటుకు దగ్గరి బంధువు. తడిలోనూ గట్టిపడి, పన్నుకు పడిన కన్నాన్ని మూస్తుంది. ‘పన్నుకు సిమెంటు పెట్టించుకున్నా’ అనే మన మాట ఇక్కడ అక్షరాలా నిజం.

పగలు రోగులు, రాత్రి థీసిస్

ఉదయం తొమ్మిదికి ఓపీ మొదలవుతుంది. మధ్యాహ్నం దాకా సొంత కేసులు. నడుమ బీడీఎస్ విద్యార్థులు పుచ్చు తొలిచి, ‘అక్కా, ఒకసారి చూడవా’ అంటూ వస్తారు. వాళ్ల కోటా కేసులు పూర్తిచేయించడం కూడా పీజీల పనే. సాయంత్రం సెమినార్, లేదంటే జర్నల్ క్లబ్. ఒక పరిశోధనా పత్రాన్ని విప్పి చెబుతుంటే, వెనక వరసలోంచి హెచ్‌వోడీ అడిగే ఒక్క ప్రశ్నకు నెల రోజుల తయారీ తేలిపోవచ్చు. హాస్టల్‌కు చేరాక థీసిస్. మొదటి ఆరు నెలల్లోనే అంశం ఎంచుకుని సినాప్సిస్ ఇవ్వాలి. మొదటి ఏడాది చివర శరీర శాస్త్రాల పరీక్ష. మూడో ఏడాది చివర అసలు పరీక్ష.

ఈ శ్రమ ఒంటిమీద పడుతుంది. గంటల తరబడి తల వంచి, భుజం ఎత్తి, చూపు ఒక్క బిందువు మీద నిలిపి పనిచేస్తే మెడ, నడుము మొదట ఫిర్యాదు చేస్తాయి. భూతద్దాల కళ్లజోడు, మైక్రోస్కోప్ ఉంటే నిటారుగా కూర్చోవచ్చు. అమెరికాలో 1990ల చివర్లోనే ఎండోడాంటిక్స్ పీజీలకు మైక్రోస్కోప్ శిక్షణ తప్పనిసరి చేశారు. మన కాలేజీల్లో మైక్రోస్కోప్ ముందు వంతు కోసం వేచి ఉండటం మామూలే. భూతద్దాల కళ్లజోడు, సొంత ఫైళ్లు, వాటిని తిప్పే మోటారు కొనుక్కునేందుకు స్టైపెండ్‌లోంచి కొందరు, ఇంటి నుంచి తెప్పించుకుని కొందరు డబ్బు పెడతారు. స్టైపెండ్ కూడా అన్నిచోట్లా ఒకేలా లేదు. పీజీల ఆందోళనలకు ఎన్నోసార్లు అదే కారణమవుతోంది.

చివరి ప్రాక్టికల్స్‌లో దవడ పన్నుకు రూట్ కెనాల్ చేసి చూపించాలి. దానికి రోగి కావాలి. ఆ రోగి ఆ రోజు, ఆ వేళకు రావాలి. పరీక్ష ముందురాత్రి పీజీలు చదివేది తక్కువ, ఫోన్లు చేసేది ఎక్కువ. ‘‘పెద్దమ్మా, రేపు తప్పకుండా రావాలె. ఆటో నేనే పంపిస్త’’ అని బతిమాలతారు. పొద్దున్నే గేటు దగ్గర నిలబడి ఎదురుచూస్తారు. మూడేళ్ల చదువు ఆ గంటలో ఒక కూలీ తల్లి, ఒక వాచ్‌మన్ తాత ఇచ్చే మాట మీద ఆధారపడుతుంది. వాళ్లు వస్తారు. ‘నా నొప్పి తీసిన పిల్ల పరీక్షట’ అని పని మానుకుని మరీ వస్తారు. మన దంతవైద్య విద్య అంతా ఈ పేదవాళ్ల ఓపిక మీద నడుస్తోంది. వాళ్లు నోరు తెరిచి ఇచ్చిందే ఈ చదువు.

┃ బాక్స్: ఫ్లోరైడ్ నేల మీద ┃

• 1937లో షార్ట్ అనే పరిశోధకుడి బృందం నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో, ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్‌ను గుర్తించి లోకానికి చెప్పింది. దేశంలో ఈ జబ్బు మీద తొలి నివేదికల్లో అదొకటి.

• నల్లగొండ, ప్రకాశం పల్లెల్లో గోధుమరంగు చారలు పడ్డ పళ్లు ఒక తరం యువతీ యువకుల నవ్వును నొక్కేశాయి. పెళ్లిచూపులకు ముందు కాలేజీ ఆసుపత్రికి వచ్చేవారెందరో.

• ఆ చారలను పలచగా అరగదీయడం, తెల్లబరచడం, ముందు పళ్లకు పలచటి పొర అతికించడం కాన్స్-ఎండో విభాగం పనే. తెలుగు పీజీ దీన్నీ నేర్చుకుంటాడు.

పట్టా వచ్చాక ఎక్కడికి?

ఎనిమిదేళ్ల చదువు ముగిసేసరికి వయసు ఇరవై ఏడో, ఎనిమిదో. కొందరు కాలేజీల్లో సీనియర్ లెక్చరర్లుగా చేరతారు. కాలేజీ జీతంతో గడవక సాయంత్రాలు కన్సల్టెంట్ పని చేస్తారు. బ్యాగులో మోటారు, ఎపెక్స్ లొకేటర్, ఫైళ్ల డబ్బాలు సర్దుకుని బండి మీద ఒక క్లినిక్ నుంచి మరో క్లినిక్‌కు తిరుగుతారు. మీ వీధి డాక్టరు ‘రేపు స్పెషలిస్టు వస్తారు’ అన్నప్పుడు వచ్చేది వీళ్లే. సొంత క్లినిక్ పెట్టాలంటే కుర్చీ, ఎక్స్‌రే, అద్దె అన్నీ కలిపి పెద్ద అప్పు.

ఇంకొందరు అమెరికా దారి పడతారు. ఇక్కడి ఎండీఎస్ అక్కడ నేరుగా లైసెన్సు ఇవ్వదు. అక్కడి ఐఎన్‌బీడీఈ పరీక్ష రాసి, చాలామంది రెండు మూడేళ్ల డీడీఎస్ లేదా డీఎండీ డిగ్రీ మళ్లీ చదువుతారు. అక్కడా ఎండోడాంటిస్టు కావాలంటే ఆపై కనీసం 24 నెలల కోర్సు. అయినా ఏటా తెలుగు పిల్లలు వెళ్తూనే ఉన్నారు. వాళ్లను తప్పుపట్టలేం. ఇక్కడ వాళ్లకు చోటు చూపించామా అన్నది మనల్ని మనం వేసుకోవాల్సిన ప్రశ్న.

ఎందుకంటే చోటు లేకపోలేదు. జిల్లా, ఏరియా ఆసుపత్రుల్లో దంతవైద్యుడి గది ఉంటుంది, కుర్చీ ఉంటుంది. చాలాచోట్ల అక్కడ జరిగేది మాత్రం పీకడమే. ఫైళ్లు ఉండవు, ఎక్స్‌రే ఉండదు, ఒక రోగికి గంట కేటాయించే వీలుండదు. నగరంలో వేల రూపాయలు పెట్టగలిగినవాడి పన్ను నిలుస్తుంది. పల్లెలో అదే పుచ్చు, అదే పన్ను ఊడుతుంది. పన్ను ఒకటే అయినా పర్సును బట్టి దాని రాత మారుతోంది. దవడ పన్ను పోయినవాడు గట్టి జొన్నరొట్టె నమలలేడు. పక్క పళ్లు ఒరుగుతాయి, ఎదుటి పన్ను సాగుతుంది. ఒంటి బలమే పెట్టుబడిగా బతికేవాళ్లకు తిండి నమలడం చిన్న విషయం కాదు.

┃ బాక్స్: పాఠకులకు పనికొచ్చేవి ┃

• చల్లనిది తాగితే జివ్వుమని వెంటనే తగ్గితే అది తొలి హెచ్చరిక. అప్పుడే వెళ్తే చిన్న ఫిల్లింగ్‌తో సరిపోవచ్చు.

• పంటిపోటు దానంతటదే తగ్గిపోతే నయమైందనుకోవద్దు. లోపలి నరం చచ్చిపోయి ఉండవచ్చు. చీము తర్వాత పట్టవచ్చు.

• యాంటీబయాటిక్ మాత్రలు పుచ్చును, నరం మంటను నయం చేయవు.

• రూట్ కెనాల్‌కు ముందూ తర్వాతా ఎక్స్‌రే తీశారా, రబ్బరు షీటు కట్టారా అని అడగడం రోగి హక్కు. దవడ పళ్లకు చాలావరకు ఆ తర్వాత క్యాపు అవసరం. వేయించుకోకపోతే పన్ను చీలిపోయే ప్రమాదముంది.

• పిల్లలకు దెబ్బ తగిలి శాశ్వత దంతం ఊడితే వేరు ముట్టుకోకుండా పైభాగం పట్టుకుని, పాలలో వేసి, అరగంటలోపు డాక్టరు దగ్గరికి చేరండి. తిరిగి నిలబెట్టే అవకాశం ఉంటుంది.

చదువు ఊరికి చేరాలి

ప్రభుత్వాలు చేయాల్సింది అసాధ్యమైనదేం కాదు. ప్రతి జిల్లా ఆసుపత్రిలో ఒక ఎండోడాంటిస్టు పోస్టు, ఒక డిజిటల్ ఎక్స్‌రే, ఆగకుండా అందే ఫైళ్లు, మందులు. పీజీలను మూడో ఏడాదిలో కొన్ని నెలలు జిల్లా ఆసుపత్రులకు పంపితే అటు రోగికీ మేలు, ఇటు చదువుకీ మేలు. ఆ కుర్రాళ్లు కాలేజీ గేటు దగ్గర రోగి కోసం ఎదురుచూడటం కాదు, రోగి ఉన్నచోటికి వాళ్లు వెళ్లాలి. పేదల నోళ్ల మీద నేర్చిన విద్య పేదల దాకా తిరిగి చేరడం న్యాయం.

మనవైపు నుంచీ ఒక పని ఉంది. ఈసారి మీకో, మీ ఇంట్లో పెద్దవాళ్లకో పంటి నొప్పి వచ్చి కుర్చీలో కూర్చున్నప్పుడు, నొప్పి ఎంతున్నా సరే, ‘పీకెయ్యండి’ అనే ముందు ఒక్క మాట అడగండి: ‘‘డాక్టరు గారూ, ఈ పన్నును నిలబెట్టే వీలుందా?’’ ఉంటే ఉంచమనండి. పెద్దయ్యాక పోయిన పన్ను మళ్లీ మొలవదు.